సింహమా, కుక్కా? పాత వెండి నాణేల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో మా నాన్నగారి గీటురాయి సంగతి రాశాను. చదవనివాళ్ల కోసం మళ్లీ రెండు ముక్కల్లో చెబుతాను. ఓడల్లో ఇంజనీరుగా పనిచేసే రోజుల్లో, 1984లో, రోటర్‌డామ్‌ పాతసామాన్ల సంతలో వంకరటింకర వెండి నాణెం ఒకటి కొన్నాను. సెలవుకి బందరు వచ్చి నాన్నగారి చేతిలో పెట్టాను. కంసాలి కదా, దాని మీద బొమ్మేమిటో ఆయన చూడనే లేదు. గీటురాయి మీద అంచు ఒకసారి గీసి, అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, “ముప్పాతిక వెండి, పాతిక రాగి. ఎవడ్రా నీకు అంటగట్టింది?” అన్నారు. అది డచ్చివాళ్ల సింహం డాలరని, ప్రభుత్వం దానికి పెట్టిన కొలత కూడా వెయ్యికి సరిగ్గా 750 పాళ్ల వెండేనని నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. గీటురాయి మీద గీసిన గుర్తు దాని అంచున ఇప్పటికీ ఉంది.

ఆ నాలుగు మాటలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు నాణెం ఫొటో మాత్రం పెట్టి “రేటెంత?” అని అడిగి వదిలేశారు. వాళ్లకి ఒకటే మాట: రెండు వైపులా ఫొటో తీయండి, అంచు కూడా తీయండి, గ్రాముల్లో తూకం రాయండి. అవి లేకుండా నేను చెప్పేది జోస్యమే అవుతుంది. మిగతా ఉత్తరాలకు జవాబులు ఇవి.

*ఐంధోవెన్ నుంచి ఒక పాఠకుడు: నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మీరు రాసింది చదివాక ఆదివారం సంతలో ఒక నాణెం కొన్నాను. ఒకవైపు డాలు వెనక యోధుడు, ఇంకోవైపు సింహం, 1641 అని ఉంది. నాణెం గుండ్రంగా లేదు. అక్షరాలు సగమే పడ్డాయి. తూకం 26.4 గ్రాములు. మా ఆవిడ అది సింహం కాదు కుక్క అంటోంది. నేను మోసపోయానా?*

మోసపోలేదు. మీ ఆవిడ కూడా తప్పు చెప్పలేదు.

మీ చేతిలో ఉన్నదాన్ని అక్కడివాళ్లు లేవెన్‌డాల్డర్ అంటారు, అంటే సింహం డాలర్. స్పెయిన్ రాజు మీద తిరుగుబాటు జరుగుతున్న రోజుల్లో, యుద్ధం ఖర్చుకి డబ్బు చాలక, 1575లో హాలండ్ ప్రావిన్సు దీన్ని మొదలుపెట్టింది. పూర్తి తూకం 27.68 గ్రాములు, అందులో ముప్పాతిక వెండి. విలువ 32 స్టైవర్లని కట్టారు (20 స్టైవర్లు ఒక గిల్డర్). అందులో ఉన్న వెండికి ఆ రేటు ఎక్కువే. ఆ మిగులుతోనే సైన్యాన్ని నడపాలన్నది వాళ్ల ఆలోచన.

ఇక గుండ్రంగా లేకపోవడం. వెండిరేకు నుంచి బిళ్ల కత్తిరించి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. బిళ్ల కాస్త పక్కకి జరిగితే ఒకవైపు అక్షరాలు ఎగిరిపోతాయి, అంచు చిట్లుతుంది. తూకం కూడా ఒక్కో నాణానికి విడిగా సరిచూసేవాళ్లు కాదు. మార్కు అనే కొలతకి (ఇప్పటి లెక్కలో 246 గ్రాములు) ఇన్ని నాణేలు రావాలని మొత్తం మీద లెక్క కట్టేవాళ్లు. కాబట్టి ఒకటి కాస్త బరువుగా, ఇంకొకటి కాస్త తేలికగా ఉండేవి. షరాబులు బరువున్నవి ఏరి కరిగించుకునేవాళ్లు, తేలికవి చలామణీలో మిగిలేవి. అరిగినవి, అంచు గీకించుకున్నవి కూడా ఉన్నాయి. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుంటే మీ 26.4 బాగానే ఉంది. నాది 26.1. అచ్చంగా గుండ్రంగా, ప్రతి అక్షరం స్పష్టంగా, సరిగ్గా 27.68 తూగే లేవెన్‌డాల్డర్ ఎవరైనా చూపిస్తే అప్పుడు అనుమానించండి.

యోధుడి చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాల్లో చివరి మూడు నాలుగు చూడండి. ముందున్నదంతా “కలిసి ఉన్న నెదర్లాండ్స్ ప్రావిన్సుల వెండి నాణెం” అన్న మాటకి పొడి అక్షరాలు, అది అన్నిటి మీదా ఒకటే. చివర ‘హోల్’ అని ఉంటే హాలండ్, ‘జెల్’ జీలాండ్, ‘గెల్’ గెల్డర్లాండ్, ‘ఫ్రి’ ఫ్రీస్‌లాండ్. ‘ట్రా’ అంటే ఉట్రెక్ట్, దాని లాటిన్ పేరు ట్రాయెక్టుం. ‘ట్రాన్సి’ అని ఉంటే ఓవరైస్సెల్. ఐస్సెల్ అనేది నది పేరు, ఆ ప్రావిన్సు పేరుకి అర్థమే ‘ఐస్సెల్ అవతల’ అని. ఏటి అవతల ఊళ్లు మనకీ ఉన్నాయి కదా, డచ్చులో వినేసరికి అదేదో గంభీరంగా అనిపిస్తుంది. ఫొటోలో మీదాని మీద ‘వెస్ట్‌ఫ్’ అని కనబడుతోంది. వెస్ట్ ఫ్రీస్‌లాండ్ విడి ప్రావిన్సు కాదు, హాలండ్‌లో ఉత్తరపు భాగం. అయినా టంకశాల తనది తనకే కావాలంది. హోర్న్, ఎంక్‌హైజెన్, మెడెంబ్లిక్ అనే మూడు ఊళ్లు ఆ టంకశాలని వంతులవారీగా తమ దగ్గర పెట్టుకునేవి.

సింహం చుట్టూ ఉన్న లాటిన్ వాక్యానికి “ప్రభువుని నమ్మినవాడు కదలడు” అని అర్థం. అది బైబిల్ 125వ కీర్తనలోది.

ఇప్పుడు కుక్క దగ్గరికి వద్దాం. ఈ నాణెం స్వదేశంలో తిరిగినదానికంటే పరాయి దేశాల్లో తిరిగిందే ఎక్కువ. అసలు వెండి కావాలంటే డచ్చివాళ్లకి రైక్స్‌డాల్డర్ అనే ఇంకో నాణెం ఉండేది, దాదాపు 29 గ్రాములు, వెండి కూడా ఎక్కువ. కానీ తుర్కీ సామ్రాజ్యంలో సింహం బొమ్మకి జనం అలవాటు పడిపోయారు, సంచి విప్పి లెక్కపెట్టి తీసుకునేవాళ్లు. వెండి తక్కువ ఉన్నదానితోనే సరుకు వస్తుంటే ఎక్కువ ఉన్నది ఏ వ్యాపారి పంపుతాడు? అలా పెట్టెలకి పెట్టెలు తూర్పు మధ్యధరా రేవులకి వెళ్లాయి. తుర్కులు దీన్ని ‘అస్లానీ’ అన్నారు, అంటే సింహానిది. అరబ్బులకి మాత్రం ఆ బక్కచిక్కిన బొమ్మలో సింహం కనబడలేదు. ‘అబూ కల్బ్’ అన్నారు, కుక్కబొమ్మది అని. అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లో కూడా దీన్ని ‘డాగ్ డాలర్’ అనేవాళ్లు. అట్లాంటిక్‌కి అటువాళ్లకీ ఇటువాళ్లకీ కుక్కే కనబడిందంటే తప్పు అచ్చు చెక్కినవాడిదే. రొమేనియావాళ్ల డబ్బు పేరు ‘లెయు’, బల్గేరియావాళ్లు పెట్టుకున్న పేరు ‘లెవ్’. రెంటికీ అర్థం సింహమే. ఆ పేర్లు ఈ నాణెం వల్ల వచ్చినవే.

ఇటలీలోని కొన్ని చిన్న సంస్థానాలు దీనికి దొంగ తోబుట్టువుల్ని కూడా కొట్టాయి. బొమ్మ దాదాపు అదే, వెండి తక్కువ. చివరి అక్షరాలు పై జాబితాలో ఎక్కడా కలవకపోతే అదేమో చూసుకోండి.

*గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: అంత చిన్న దేశానికి అన్ని టంకశాలలు ఎందుకు సార్? మాకు హిస్టరీలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఒక పేరాలో అయిపోయింది.*

మా రోజుల్లోనూ ఒక పేరానే బాబూ. ఇక్కడో రెండు పేరాలు రాస్తాను.

అది అప్పటికి ఒక దేశం కాదు. 1579లో ఉట్రెక్ట్‌లో ఒప్పందం రాసుకుని స్పెయిన్ మీద కలిసి పోరాడిన ప్రావిన్సుల కూటమి. చివరికి ఏడు నిలిచాయి: హాలండ్, జీలాండ్, ఉట్రెక్ట్, గెల్డర్లాండ్, ఓవరైస్సెల్, ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్. సైన్యం, విదేశీ వ్యవహారాలు ఉమ్మడి. టంకశాల మాత్రం ఎవరిది వాళ్లదే. హాలండ్‌ది డోర్‌డ్రెక్ట్‌లో, జీలాండ్‌ది మిడెల్‌బర్గ్‌లో, గెల్డర్లాండ్‌ది హార్డర్‌వైక్‌లో, ఫ్రీస్‌లాండ్‌ది లేవార్డెన్‌లో ఉండేవి. అది చాలక కాంపెన్, డెవెంటర్, జ్వోల్లె, నైమేఖెన్ లాంటి ఊళ్లు “మాకు పాతకాలం నుంచి హక్కుంది” అని సొంతంగా కొట్టుకున్నాయి. టంకశాల నడిపేవాడు జీతగాడు కాదు, కాంట్రాక్టరు. ఎంత ఎక్కువ వెండి నాణెంగా మారితే అతనికి అంత ఆదాయం. వెండి తెచ్చే వ్యాపారి ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరికే వెళ్తాడు. ఎక్కువ ఇవ్వాలంటే నాణెంలో ఎక్కడో కొంచెం తగ్గించాలి. ఒకడు తగ్గిస్తే పక్క ఊరివాడు ఊరుకోడు.

దీని వల్ల తలెత్తిన గందరగోళానికే 1609లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఒక బ్యాంకు పెట్టింది. ఏ నాణెమైనా తెండి, తూచి, వెండి చూసి, మీ పేర జమ వేస్తాం అంది. 600 గిల్డర్లకి పైబడిన హుండీ (వ్యాపారులు రాసుకునే చెల్లింపు చీటీ) ఏదైనా ఆ బ్యాంకు ద్వారానే చెల్లించాలని రూలు పెట్టింది. 1659లో రెండు మంచి నాణేలకి కొలతలు ఖాయం చేశారు. ఒకటి సిల్వర్ డ్యూకట్, 28.25 గ్రాములు, 50 స్టైవర్లు. రెండోది గుర్రపు రౌతు బొమ్మ ఉన్న సిల్వర్ రైడర్, 32.78 గ్రాములు, వెయ్యికి 941 పాళ్ల వెండి, 60 స్టైవర్లు. రెంటి మీదా “కలిసుంటే చిన్నవీ పెరుగుతాయి” అని లాటిన్ సూక్తి. సూక్తి బాగానే ఉంది, ఆచరణ చూడండి: 28 స్టైవర్ల నాణెం అని ఒకటుండేది, ఊరూరా వెండి తగ్గించి తగ్గించి దాన్ని ఎంత పాడుచేశారంటే, 1693లో పనికొచ్చేవాటిని ఏరి ఒక్కొక్కదాని మీద చిన్న ముద్ర మళ్లీ కొట్టాల్సి వచ్చింది. హాలండ్ ‘హోల్’ అని కొట్టింది, ఉట్రెక్ట్ ‘ఉట్ర్’ అని. నా దగ్గర అలాంటిది ఒకటుంది, స్కూలు సర్టిఫికెట్ మీద రబ్బరు స్టాంపులా ఉంటుంది. ఆ మరుసటి ఏడే, 1694లో, అన్ని ప్రావిన్సులకీ ఒకే గిల్డర్ వచ్చింది: పదిన్నర గ్రాముల పైచిలుకు, వెయ్యికి 920 పాళ్లు. దాని మీద ఒక స్త్రీ స్తంభం మీదున్న బైబిల్‌కి ఆనుకుని, టోపీ తగిలించిన ఈటె పట్టుకుని ఉంటుంది. టోపీ స్వేచ్ఛకి గుర్తు. అప్పుడు కూడా డాలు మీద ఉమ్మడి సింహం వేశారు గానీ, ప్రావిన్సు పేరు మాత్రం వదల్లేదు.

1806లో నెపోలియన్ తమ్ముడు లూయీ అక్కడ రాజయ్యాక కొద్దికాలానికే ప్రావిన్సుల టంకశాలలు మూతపడ్డాయి. ఉట్రెక్ట్ ఒక్కటే మిగిలింది. మీ తాతగార్లు ఎవరైనా హైదరాబాదు వైపు ఉన్నవాళ్లయితే అడుగు, హాలీ సిక్కా (నిజాం రూపాయి), కల్దారు (ఇంగ్లీషువాళ్ల రూపాయి) రెండూ జేబులో పెట్టుకుని బతకడం ఎలా ఉండేదో. దాన్ని ఏడుతో హెచ్చించుకో.

*హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు: ఆన్‌లైన్‌లో గుర్రపు రౌతు బొమ్మ, కింద వీ ఓ సీ గుర్తు ఉన్న 1728 నాటి వెండి నాణెం కొన్నాను. అమ్మినతను గ్యారంటీ ఇచ్చాడు. ఇంట్లో తూచితే 24.6 గ్రాములు ఉంది. అరిగిందంటారా?*

ఇది పైన చెప్పిన సిల్వర్ రైడరే, డచ్ ఈస్టిండియా కంపెనీ (దాని డచ్చు పేరుకి పొడి అక్షరాలే వీ ఓ సీ) తన కోసం కొట్టించుకున్న రకం. ఉండాల్సింది 32.78. ఎనిమిది గ్రాములు అరగాలంటే రౌతు ముక్కూ మొహం పోయి గుర్రం నున్నగా అయిపోవాలి. మీ ఫొటోలో గుర్రం జూలు వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. పైగా ఇది సుత్తి నాణెం కాదు, యంత్రంతో అచ్చు కొట్టింది. అంచుకి నక్షీ ఉంటుంది, ఎవరైనా గీకితే వెంటనే బయటపడుతుంది. మీది నున్నటి అంచు. టెన్షన్ పెట్టాలని కాదు గానీ, గ్యారంటీ ఇచ్చినతనికి ఈరోజే రాయండి.

బాధపడకండి, నేనూ పడ్డాను. పెద్ద ఊళ్లో పెద్ద షాపు, గాజు అద్దాలు, ఏసీ, ఇంత లావు కేటలాగు. అక్కడ కొన్న ఒక సిల్వర్ డ్యూకట్‌ని ఇంటికొచ్చి నీళ్లలో ముంచితే సంగతి తెలిసింది. అప్పటికి నాన్నగారు పోయి రెండేళ్లు.

ఆ నీళ్ల పరీక్ష ఎలా చేయాలో చెబుతాను, గీటురాయిలా నాణేనికి గాయం చేయదు. పాయింటు తర్వాత రెండు అంకెలు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనండి. ముందు నాణెం తూచి రాసుకోండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా నొక్కండి. నాణేనికి సన్న దారం కట్టి, చేత్తో పట్టుకుని, అడుగుకీ గోడలకీ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు కాటా చూపించే అంకె, నాణెం పక్కకి నెట్టిన నీళ్ల బరువు. తూకాన్ని ఈ అంకెతో భాగించండి.

మంచి సిల్వర్ రైడర్ అయితే కాటా 3.15 చుట్టుపక్కల చూపిస్తుంది, భాగిస్తే 10.4కి దగ్గరగా వస్తుంది. సిల్వర్ డ్యూకట్‌కి 10.3కి దగ్గరగా రావాలి. లేవెన్‌డాల్డర్‌లో రాగి ఎక్కువ కాబట్టి 10.1కి కాస్త అటూ ఇటూ. 9 లోపు వచ్చిందంటే రాగో, ఇత్తడో, నికెల్ కలిసిన రాగో, వెండి పూత పూసి ఉంటారు. షాపువాళ్లు నాకమ్మినది 8.8 వచ్చింది. నాణెం మీద గాలి బుడగలు అంటుకోకుండా చూసుకోండి, దానివల్ల లెక్క తప్పుతుంది. చెయ్యి వణికే వయసు వస్తే పుల్లకి దారం కట్టి ఆ పుల్లని దేనికైనా బిగించండి, నేను కుక్కర్ పిడికి బిగిస్తాను.

ఈ పరీక్షలో నెగ్గిందంటే లోహం మంచిదని మాత్రమే. వెండితోనే దొంగ నాణెం చేసేవాళ్లు కూడా ఉన్నారు. కానీ మీకొచ్చిన సరుకు అంత దూరం రాదు.

*భీమిలి నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మమ్మ పెట్టెలో వీ ఓ సీ అని ఉన్న రాగి నాణేలు నాలుగు దొరికాయి. వీటికి లక్షలొస్తాయని మా అబ్బాయి వీడియోలు చూపిస్తున్నాడు. నిజమేనా?*

లక్షలు రావమ్మా. వీడియో చూసినవాళ్ల వల్ల వీడియో పెట్టినవాడికి మాత్రం వస్తాయేమో.

అవి డైట్లు. ఎనిమిది డైట్లు ఒక స్టైవర్, 160 డైట్లు ఒక గిల్డర్. మనం చెప్పుకుంటున్న వెండి నాణేలకి చిల్లరన్నమాట. మామూలు డైటుకి ఆసియాలో స్వదేశంలో కంటే రెట్టింపు విలువ కట్టేవాళ్లు, నాలుగిటికే ఒక స్టైవర్. దాంతో ఓడ సిబ్బంది మూటలు కట్టి దొంగచాటుగా తెచ్చేవాళ్లు. అది ఆపడానికే కంపెనీ 1726 నుంచి తన గుర్తు వేసి విడిగా కొట్టించుకుంది. అప్పటి నుంచి లక్షల్లో కొట్టారు. అందుకే ఇవి దొరకడం కష్టం కాదు, ధరా పెద్దగా ఉండదు. ఆ మధ్య అమెరికాలో యాత్రికులకి వీటిని ‘న్యూయార్క్ పెన్నీ’ అని అమ్మేవాళ్లు, న్యూయార్క్ డచ్చివాళ్ల చేతిలో ఉన్నప్పటివని చెప్పి. ఆ ఊరు వాళ్ల చేయిజారింది 1664లో. తేదీ నాణెం మీదే ఉన్నా కొనేవాళ్లు చూసుకోలేదు!

కానీ మీ ఫొటోలు చూసి నేను నిజంగా సంతోషపడ్డాను. నాలుగూ నాలుగు ప్రావిన్సులవి. ఒంటి సింహం ఉన్నది హాలండ్‌ది. నీటి అలల్లోంచి సగం పైకి లేస్తున్న సింహం జీలాండ్‌ది. ఎదురెదురుగా రెండు సింహాలున్న డాలు గెల్డర్లాండ్. డాలుకి రెండు పక్కలా రెండు సింహాలు కాపలా నిలబడ్డది ఉట్రెక్ట్. ఒకదాని కింద ఒకటి నడుస్తున్న రెండు సింహాలు దొరికితే వెస్ట్ ఫ్రీస్‌లాండ్, మీ సెట్టు పూర్తవుతుంది. జీలాండ్ సింహం నీళ్లలో ఎందుకుందంటే, ఆ ప్రావిన్సంతా సముద్రంతో పోట్లాడి నిలబెట్టుకున్న దీవులు. “పెనుగులాడి పైకి తేలతాను” అన్నది వాళ్ల నినాదం.

మీ అమ్మమ్మగారికి అవి ఎలా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాయండి. మీ ఊళ్లోనే ఒలందుల (మనవాళ్లు డచ్చివాళ్లని ఒలందులు, వలందులు అనేవాళ్లు) సమాధులున్నాయి. 1825 దాకా మీ ఊరు వాళ్ల చేతిలోనే ఉంది. ఒక పెట్టెలో నాలుగు ప్రావిన్సులవి కలవడం వెనక ఏదో ఒక కథ ఉండే ఉంటుంది.

*బందరు నుంచి ఒక పాఠకుడు: మీరు మా ఊరివాళ్లే కాబట్టి అడుగుతున్నాను. వలందులు ఇక్కడ రెండు శతాబ్దాలు వ్యాపారం చేశారు. వలందపాలెం ఉంది, వాళ్ల సమాధులున్నాయి. మరి వాళ్ల వెండి ఏదండీ? మా ఇళ్లల్లో ఒక్కటీ ఎందుకు లేదు?*

ఈ ప్రశ్న నన్ను నలభై ఏళ్లు తిప్పింది. మొదట్లో నేను కూడా బందరు, నిజాంపట్నం, పాలకొల్లు, నర్సాపురం షరాబుల దగ్గర ఆశగా అడిగేవాణ్ణి. పాలకొల్లులో ఒక పెద్దాయన నవ్వి, “వెండి దొరికితే మా తాతలు దాచుకుంటారా, కరిగిస్తారా?” అన్నాడు. జవాబు చాలావరకు అదే.

డచ్చి కంపెనీ పుట్టింది 1602లో. 1605కల్లా మన బందరులో దిగారు, మరుసటి ఏడు నిజాంపట్నంలో. అప్పట్లో దాన్ని పెటపోలి అనేవాళ్లు. వాళ్లకి కావాల్సింది ఇండోనేషియా దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్లకి కావాల్సింది మన కోస్తా నేత గుడ్డలు, అద్దకం గుడ్డలు. మనవాళ్లకి డచ్చివాళ్ల సరుకేదీ పెద్దగా అక్కర్లేదు. వెండీ బంగారమూ తేవాల్సిందే. కానీ ఇక్కడ చలామణీ అయ్యేది బంగారం. గోల్కొండ రాజ్యంలో హొన్ను, వరహా, చిన్నవాటికి పణాలు. సింహం డాలరు తీసుకుని చీరాల నేతగాడు ఏం చేసుకుంటాడు? బెంగాల్ వైపైతే వెండి రూపాయల రాజ్యం, అక్కడ మొఘల్ టంకశాలకి వెండి ఇస్తే రూపాయలుగా కొట్టి ఇచ్చేవాళ్లు. మన తీరంలో మాత్రం వెండి దిగగానే షరాబు కాటా ఎక్కేది. బొమ్మకి విలువ లేదు, తూకానికే విలువ. మా నాన్నగారిలాంటివాళ్లే అప్పుడూ ఉన్నారు: గీసి చూడు, ఎగరేసి చూడు, మూసలో పడెయ్యి. 1687లో గోల్కొండ మొఘలుల చేతికొచ్చాక ఇక్కడా రూపాయల వాడకం పెరిగింది, బందరులోనే ఔరంగజేబు పేర రూపాయలు కొట్టారు. ఆ రూపాయల్లో కొన్నిటి వెండి మొదట ఏ హాలండ్ సింహమో, ఏ మెక్సికో గని ముద్దో ఎవరు చెప్పగలరు?

ప్రావిన్సు పేరు మాత్రం మన తీరాన ఒకచోట మిగిలింది. పులికాట్‌లో 1613లో వాళ్లు కట్టిన కోట పేరు గెల్‌డ్రియా. అప్పటి వాళ్ల పెద్ద అధికారి గెల్డర్లాండ్‌వాడు, సొంత ప్రావిన్సు పేరు పెట్టుకున్నాడు. నాణెం మీద ‘గెల్’ అని చదివినప్పుడల్లా నాకు పులికాట్ సరస్సు కనబడుతుంది.

ఆ వెండి రాశులుగా చూడాలంటే, దారిలో మునిగిపోయిన ఓడల దగ్గరికి వెళ్లాలి. అకెరెన్‌డామ్ అనే ఓడ 1725లో ఆసియాకి బయల్దేరి, చలికాలపు తుఫానులో దారి తప్పి, నార్వే తీరంలో రుండె అనే దీవి దగ్గర పగిలిపోయింది. ఒక్కరూ బతకలేదు. 1972లో డైవర్లు అక్కడ దాదాపు 57,000 వెండి, బంగారు నాణేలు పైకి తీశారు. 1743లో హాలండియా అనే ఓడ ఇంగ్లండ్ దగ్గర సిల్లీ దీవుల రాళ్లకి కొట్టుకుని మునిగింది, అది 1971లో దొరికింది. అందులో సిల్వర్ రైడర్లు, స్పెయిన్ వెండి నాణేలు కలిసి ఉన్నాయి. నార్వేలో ఒకసారి మా ఓడ రిపేరుకి ఆగినప్పుడు ఒక మ్యూజియంలో రుండె నాణేలు చూశాను. ఉప్పునీటికి కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దలయ్యాయి. క్షేమంగా చేరి ఉంటే అవన్నీ ఏదో ఒక మూసలో కరిగి ఉండేవి.

*వరంగల్ నుంచి ఒక పాఠకురాలు: నల్లబడిన పాత వెండి నాణేన్ని చింతపండుతో తోమొచ్చా?*

వద్దమ్మా! వెండి గిన్నెల్ని తోముకోండి, నాణేన్ని కాదు. ఆ నలుపు పోతే పైపొర పోతుంది, విలువలో సగం దాంతో పోతుంది. మట్టి ఉంటే మామూలు నీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. ప్లాస్టిక్ కవరులోనూ పెట్టకండి, కొన్ని రకాలు ఏడాది తిరిగేసరికి జిడ్డు వదులుతాయి. మందపాటి కాగితంలో చుట్టడం మేలు.

*విజయవాడ నుంచి ఒక పాఠకుడు: మా అల్లుడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి సిల్వర్ డ్యూకట్ తెచ్చాడు. నిలబడిన యోధుడు, కాలి దగ్గర జీలాండ్ డాలు, అద్దంలా మెరుస్తోంది. 28.25 గ్రాములు సరిగ్గా ఉంది. 350 ఏళ్ల నాణెం ఇంత కొత్తగా ఎలా ఉంది?*

తేదీ చదివారా? ఫొటో పెద్దది చేసి చూస్తే నాకు 1990ల నాటి తేదీ కనబడుతోంది. సిల్వర్ డ్యూకట్‌ని అక్కడి టంకశాల మన కాలంలోనూ మళ్లీ కొట్టింది, 1990లలో పాత తూకంతోనే, వెయ్యికి 873 పాళ్ల వెండితోనే, ప్రావిన్సుల పేర్లతోనే. నీళ్ల పరీక్ష కూడా పాసవుతుంది. దొంగది కాదు, పాతదీ కాదు. మీ అల్లుడిగారు కూడా పాతదని చెప్పి ఉండరు, మీరే అనుకుని ఉంటారు. మంచి నాణెం, దాచుకోండి.

*ఖమ్మం జిల్లా నుంచి, పేరు వద్దన్న ఒక పాఠకుడు: పొలం దున్నుతుంటే పాత నాణేలు దొరికితే అమ్ముకోవచ్చా?*

దొరికాయని రాయలేదు, “దొరికితే” అని రాశారు, తెలివైనవారు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. ఇక వందేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, ప్రైవేటుగా దేశం దాటించడం నేరం. మీ జిల్లాలోని నాగులవంచలో కూడా డచ్చివాళ్ల ఫ్యాక్టరీ ఉండేది కాబట్టి, దొరికిన చోటు, లోతు, పక్కన ఏమున్నాయో కూడా రాసి పెట్టుకోండి. తోమొద్దని వరంగల్ ఆవిడకి చెప్పింది మీకూ వర్తిస్తుంది.

*రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు: మీ నాన్నగారు గీసిన ఆ లేవెన్‌డాల్డర్ అమ్ముతారా? గీత ఉన్నా పర్లేదు, మంచి ధర ఇస్తాను.*

అమ్మనండీ. గీత లేనిది కావాలంటే చెప్పండి, ఉట్రెక్ట్‌ది 1616 ఒకటుంది, మాట్లాడుకుందాం.